తినే కాయలు, అమ్మే కాయలు

ఆయన్ని ఊళ్ళో అందరూ అనుమానం అనే పిలుస్తారు. వరసైనవాళ్ళు అనుమానం బావ అంటారు, పిల్లలు అనుమానం తాత అంటారు. అసలు పేరు పెళ్ళినాడు ఒకసారి పైకి చదివారు, ఆ తర్వాత దానితో ఎవరికీ పని పడలేదు. వాన పడితే ఎందుకు పడుతోందా అని చూసే మనిషి. ఎవరైనా ఎదురుపడి "బాగున్నావా" అంటే, "ఏం, బాగోలేదని ఎవరైనా చెప్పారా?" అంటాడు. కట్టుకున్నావిడ మాటల్లో చెప్పాలంటే, అద్దంలో తన మొహాన్ని కూడా "ఎవరు నువ్వు, ఏం పని మీద వచ్చావు" అని అడిగే రకం.

అలాంటివాడి ఇంటికి, ఆయన టమాటాలు కొనే పట్నంలోని పెద్ద కూరగాయల కొట్టు నుంచి మేనేజరమ్మ వచ్చి, "మీ ఫొటో మా కొట్లో పెడతామండీ" అంది.

ఈ మధ్య పట్నానికి రైతు మీద ప్రేమ పుట్టింది. ఎందుకు పుట్టిందో, ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఇదివరకు వంకాయ ముచ్చిక చూసేవాళ్ళు, బెండకాయ కొస తుంచి చూసేవాళ్ళు, పండించినవాడి మొహం చూసిన పాపాన పోలేదు. ఇప్పుడేమో కొట్లో అడుగుపెడుతూనే "ఇవి ఎవరు పండించారు?" అని అడుగుతున్నారట. అడిగినవాళ్ళకి చూపించడానికి ఒక మొహం కావాలి. అందుకని కూరగాయల కుప్పల పైన రైతుల ఫొటోలు వేలాడదీస్తున్నారు.

"ఊళ్ళో సగం మంది టమాటా వేస్తారు కదమ్మా. నేనే ఎందుకు?" అన్నాడు అనుమానం.

"మీ కాయ బాగుంటుందండీ."

"అందరిదీ ఒకే నారు. ఒకే నీళ్ళు."

"అయినా మీది వేరండీ."

ఆయన చెయ్యి జేబు మీదకి పోయింది. పొగడ్త వినపడితే ఆ చెయ్యి అలా పోవడం ఆయనకి పుట్టుకతో వచ్చింది.

ఈలోగా భార్య మంచినీళ్ళు తెచ్చింది. ఒట్టి నీళ్ళు ఎలా ఇస్తామని, పెరట్లోకి వెళ్ళి చేతికందిన రెండు టమాటాలు కోసుకొచ్చి, నాలుగేసి ముక్కలు చేసి, ఉప్పు చల్లి పళ్ళెంలో పెట్టింది. మేనేజరమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ నమిలింది.

"ఇదండీ! ఇదే!" అంది. వెంట వచ్చిన ఫొటోల కుర్రాణ్ణి పిలిచి పళ్ళేన్ని తీయించింది, పళ్ళెం పట్టుకున్న చేతుల్ని తీయించింది, ఆ పక్కన నిలబడి ఎవరికో బాకీ ఉన్నట్టు చూస్తున్న ఆయన మొహాన్ని తీయించింది.

ఆయన ఏదో చెప్పబోయాడు. భార్య కూడా నోరు తెరిచింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, తెరిచిన నోళ్ళు మూసుకున్నారు.

ఎందుకంటే ఆ ఊళ్ళో ఏ ఇంటికైనా టమాటాలు రెండు రకాలు. తినేవి, అమ్మేవి. తినేవి పెరట్లో, అంట్లు తోమే బండ పక్కన, తోమిన నీళ్ళు తాగి పెరుగుతాయి. వాటి గింజ ఇంట్లో ముసలమ్మ తీసి బూడిదలో ఆరబెట్టిందే. కాయ తొడిమ దగ్గర పగులుతుంది, ఒక్కోదానికి ఒక పురుగు కన్నం ఉంటుంది, సాయంత్రం కోస్తే పొద్దుటికి మెత్తబడుతుంది. కొరికితే మాత్రం మోచేతి దాకా కారుతుంది. అమ్మేవి చేలో ఉంటాయి. తోలు మందం, కాయ గట్టి, దోరగా ఉన్నప్పుడే కోసి క్రేట్లలో సర్దితే లారీలో ఎంత కుదిపినా చెక్కుచెదరవు. వాటికి పురుగు పట్టకుండా మందు కొడతారు. డబ్బా మీద రాసిన గడువు దాటితే గాని అనుమానం ఒక్క కాయ కూడా కోయడు. ఆ విషయంలో ఆయన్ని వేలెత్తి చూపడానికి లేదు. కాకపోతే గడువు దాటినా, దాటకపోయినా, చేలో కాయ ఇంట్లోకి రాదు. ఇందులో దాపరికం ఉందని ఎవరూ అనుకోలేదు. తలుపుకి లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి ఉన్నట్టే ఇదీను.

మేనేజరమ్మ నోట్లో పెట్టుకున్నది తినే కాయ. ఆవిడ కొట్టుకి వెళ్ళేవి అమ్మే కాయలు.

"ఫొటోయే కదండీ, పోనిద్దురూ" అంది భార్య, వ్యాను మలుపు తిరిగాక.

"ఫొటో తీసినవాడు ఊరికే పోతాడటే?" అన్నాడు ఆయన.

*

ఆ తర్వాత పట్నం వెళ్ళినప్పుడు చూసుకుందామని కొట్లోకి వెళ్ళాడు. లోపల చల్లగా, ఆస్పత్రిలా ఉంది. టమాటాల కుప్ప మీద, గొలుసులకి వేలాడుతూ, తలుపంత ఫొటో. అందులో తన మొహం. తన మొహమే తన వైపు అనుమానంగా చూస్తోంది. కింద పెద్ద పెద్ద అక్షరాలు: తాము తినేదే మనకి పెడతారు.

చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇది ఎవరు రాశారమ్మా?" అని కాయలు సర్దుతున్న అమ్మాయిని అడిగాడు.

"మేడమే రాశారండీ. అయ్యయ్యో, మీరే కదూ! ఉండండుండండి, కదలకండి, ఒక సెల్ఫీ." ఆ అమ్మాయి కేక విని నలుగురూ చేరారు. ఒకాయన చెయ్యి కలిపాడు. ఒకావిడ బుట్ట కింద పెట్టి మరీ దణ్ణం పెట్టింది. "మీ చేతి చలవ బాబూ. కూరగాయ అంటే ఆమడ దూరం పారిపోయే మా మనవరాలు మీ టమాటాలు ఎలా తింటోందనుకున్నారు? కడిగేదాకా కూడా ఆగదు, చేత్తో తుడిచేసి కొరికేస్తోంది."

"కడగండమ్మా" అన్నాడు అనుమానం.

"మీవి కడగడమెందుకు బాబూ! మీరు తినేవేగా!"

బస్సెక్కి ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతూనే భార్యని పిలిచాడు.

"ఆ మేడం ఆ మాట తెలిసి రాసిందంటావా, తెలియక రాసిందంటావా?"

"తెలియకే రాసుంటుంది. తెలియకపోతే చెప్పేద్దాం."

"తెలిసి రాస్తేనో?"

"తెలిసి రాస్తే ఆవిడ పాపం ఆవిడది, మనం ఊరుకుందాం."

"ఎలా తెలుస్తుంది?"

"అడిగితే తెలుస్తుంది."

"అడిగితే చెప్పినట్టే కదటే! బుద్ధుందా?"

"నాకుంటే మిమ్మల్ని చేసుకుంటానా" అని ఆవిడ పొయ్యి దగ్గరికి పోయింది.

ఆయన మాత్రం పళ్ళెం పక్కకి జరిపాడు. కొట్లో ఆవిడ పెట్టిన దణ్ణమే కళ్ళలో మెదులుతోంది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, దణ్ణం పెట్టినవాణ్ణి ఏం చేస్తాం?

ఎదురింటి బావతో మరో బాధ. అనుమానం భార్యకి అన్నవరస. టమాటా వేస్తాడు, మందు కొడతాడు, పెరట్లో వేరే పాదులు పెంచుతాడు. ఊరంతా చేసేదే. కాని ఫొటో పడింది ఇవతలి ఇంటాయనది. కళ్ళు కుట్టకుండా ఎలా ఉంటాయి?

"ఏం బావా, పట్నంలో నీ మొహం చూసి టమాటాలు కొంటున్నారటగా! మా చెల్లెలు ఇన్నేళ్ళుగా ఆ మొహమే చూస్తోంది, పావు కిలో అయినా కొనుక్కోలేదే!"

"నీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పుకుంటుంటే. తాము తినేదే పెడతారట! అబ్బో. నాకు తెలియక అడుగుతాను బావా, ఎప్పట్నుంచి తింటున్నావు?"

ఆ నవ్వు గేటు దాటి, వీధి దాటి, ఎదురింట్లోకి వెళ్ళేదాకా అనుమానం చూస్తూ నిలబడ్డాడు. వీడు చెబుతాడు, అనుకున్నాడు. చెబుతాడేమిటి, చెప్పేసే ఉంటాడు.

ఆ వారంలోనే కాయతొలుచు పురుగు కనపడి చేనంతా మందు కొట్టాడు. పురుగు ఫొటోలకి భయపడదు కదా. కొట్టి, పంపు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటుంటే ఫోను మోగింది. మేనేజరమ్మ.

"ఆదివారం మా కస్టమర్లు కొంతమందిని బస్సులో తీసుకొస్తున్నామండీ. పిల్లలూ ఉంటారు. మిమ్మల్ని చూడాలని ఒకటే గోల. కాయ ఎక్కడ పెరుగుతుందో చూసి, చేత్తో కోసుకుని, అక్కడే తింటామంటున్నారు. మీ పెరడు కూడా చూపిస్తారుగా?"

ఫోను పెట్టేశాక ఆయన భార్యని వెతుక్కుంటూ ఇంట్లోకి వచ్చాడు.

"పెరడు అంది" అన్నాడు.

"అంటే?"

"చేను చూపించమంటే సరే. పెరడెందుకు గుర్తొచ్చింది ఆవిడకి? పెరట్లో ఏముందని? ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావా?"

"అంట్లబండ చూపించమని అడిగుంటుంది, మీ ఇంట్లో చూడాల్సింది ఇంకేముంది గనక!"

"అమ్మా, నువ్వు చెప్పావా?"

మూల కూచుని వెల్లుల్లి వలుస్తున్న ముసలమ్మ తల కూడా ఎత్తలేదు. "నాకు ఫోను చేసేవాడు ఎవడున్నాడ్రా, ఆ పైవాడు తప్ప? వాడూ ఈ మధ్య చెయ్యడం లేదు."

*

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఆదివారం వచ్చేలోపల అనుమానం తడుముకోని చోటు లేదు. రావద్దని చెబితే ఎందుకు వద్దన్నావంటారు. రమ్మంటే చేలోకి దిగుతారు. దిగితే కోస్తారు. కోస్తే తింటారు. మందు ఇంకా ఆకు మీద తెల్లగా కనపడుతోంది. పెద్దవాళ్ళకి వికారమో, తలతిప్పో వచ్చి పోతుందనుకున్నా, పిల్లల మాటేమిటి? మొన్నటిదాకా ఆయన భయం ఫొటో గురించి. ఇప్పుడు ఆ పిల్లల గురించి. ఈ రెండో భయం ఆయన భార్యతో కూడా అనలేదు. అంటే అది నిజమైపోతుందన్నట్టు.

చివరికి రైతుకి తట్టే ఉపాయమే తట్టింది. శనివారం మధ్యాహ్నం కాలవ మడవ తిప్పి చేనంతా నీళ్ళు పెట్టాడు. గట్టు తెగ్గొట్టి దారి మీదకీ వదిలాడు. తెల్లారేసరికి చేలో మోకాలి లోతు బురద. పట్నం వాళ్ళు తెల్ల చెప్పులతో వస్తారు, బురద చూసి గట్టు మీదే ఆగిపోతారు, "అయ్యో, నిన్ననే నీళ్ళు పెట్టామండీ" అంటాం, వెనక్కి తిప్పి పెరట్లోకి తీసుకెళతాం, అక్కడ కాయ కోసుకుంటారు, తింటారు, పోతారు. ఎవరికీ ఏమీ కాదు. బోర్డు మీద రాసిన మాట కూడా ఆ పూటకి నిజమే అవుతుంది.

"మీ బుర్రకి మొక్కాలి" అంది భార్య, తిట్టో మెచ్చుకోలో తేల్చకుండా.

ఇక మిగిలింది ముసలమ్మ నోరు. ఆవిడకి అబద్ధం రాదు. మంచితనం వల్ల కాదు, అలవాటు లేక. ఈత రానివాళ్ళని నీళ్ళలోకి తోయడమెందుకని, అనుమానం పొద్దున్నే ఆవిణ్ణి ఎత్తుకెళ్ళి చేలో పాక దగ్గర కూచోబెట్టాడు. ముందు వారం కోసిన కాయలు అక్కడ క్రేట్లలో ఉన్నాయి. "అవి ఏరుతూ ఇక్కడే ఉండమ్మా, చుట్టాలు వెళ్ళాక వచ్చి తీసుకెళతాను" అన్నాడు. చుట్టాలు ఎలాగూ ఈ బురద దాటి రారు, ఆవిడ ఎలాగూ ఈ బురద దాటి పోలేదు. రెండు గొళ్ళాలూ పడ్డాయనుకున్నాడు.

బస్సు వచ్చింది. మేనేజరమ్మ దిగింది. వెనకాల జనం దిగారు. ఒక్కొక్కరే దిగుతుంటే అనుమానం వాళ్ళ మొహాలు చూడలేదు, కాళ్ళు చూశాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. ఎర్రవి, పచ్చవి, పువ్వులవి. పిల్లలకి కూడా.

"బురద!" అని అరిచాడు ముందు దిగిన బక్కాయన, చిన్నపిల్లాడిలా. "మేడం, బురద ఉంటుందని చెప్పారు, నిజంగానే ఉంది! పిల్లలకి బురద చూపిద్దామనే వచ్చామండీ, మా అపార్టుమెంటులో మట్టన్నదే లేదు!"

ఎదురింటి బావ తన గేటు మీద మోచేతులాన్చి నిలబడి ఉన్నాడు. "అదృష్టవంతుడివి బావా," అన్నాడు, "నీ బురదకి కూడా గిరాకీయే."

"ముందు పెరడు చూద్దురు గాని" అంది భార్య గబగబా. "చేనండీ, చేను!" అన్నారు పిల్లలు. పెద్దవాళ్ళు పిల్లల వెంట పడ్డారు. బుడుంగు బుడుంగుమని బూట్లు దిగుతున్న చప్పుడు. అనుమానం వాళ్ళకంటే ముందుండాలని గట్టు మీద పరుగెత్తాడు, జారాడు, లేచాడు. "కొయ్యకండి బాబూ, పచ్చివి, ఇంకా పండలేదు" అని ఎటు చూస్తే అటు చెబుతున్నాడు. మాట నిజమే, అన్నీ దోరకాయలే. కాని ఎంత చేనైనా అక్కడొకటి ఇక్కడొకటి ముందే పండే కాయ ఉంటుంది. అలాంటిదే ఒకటి ఆకు చాటున ఎర్రగా ఉంటే, పసుపు బూట్ల పిల్ల ఒకతె పుటుక్కున కోసింది. గౌను మీద ఒకసారి రుద్దింది. నోరు తెరిచింది.

ఆయన ఇవతలి గట్టు మీద ఉన్నాడు. ఆ పిల్ల అవతలి బోదెలో, పాక పక్కన.

"ఏయ్ పిల్లా! పెట్టకు, నోట్లో పెట్టకు!" ముసలమ్మ క్రేటు వదిలేసి లేచింది. "అవి తినే కాయలు కాదే, అమ్మే కాయలు. తినేవి మా పెరట్లో ఉన్నాయి. మొన్నేగా మా పెద్దోడు మందు కొట్టింది! మేం వీటిని ముట్టుకోం కూడాను."

బూట్ల చప్పుడు ఆగింది. ఒక పిల్లాడి బూటు మాత్రం బురదలోంచి ఊడి వస్తూ చిన్న చప్పుడు చేసింది.

అందరూ ముసలమ్మని చూశారు, తర్వాత ఆయన్ని చూశారు. అనుమానం మాత్రం మేనేజరమ్మని చూశాడు. అందరి మొహాల్లోనూ ఉన్న ఆశ్చర్యం ఆ మొహంలో లేదు. చుట్టాలింట్లో గోడకున్న మరకని చూడనట్టు నటించే మొహం అది.

"మామ్మగారు భలే జోకులేస్తారు" అని నవ్విందావిడ. "ఏ పంటకైనా కొద్దో గొప్పో మందు తప్పదు కదండీ. శుభ్రంగా కడుక్కుని తింటే ఏం కాదు. అంతేనాండీ?"

ఆ చివరి మాట ఆయనకి. అవునని తలూపితే చాలు. అవతల ఎదురింటి బావ కూడా గట్టు దాకా వచ్చేశాడు. ఇప్పుడు నవ్వడం లేదు. చెప్పకు, చెప్పకు అని కనుబొమలతో సైగ చేస్తున్నాడు. ఎన్నాళ్ళుగానో తన మీద చాడీలు చెబుతాడనుకున్న మనిషే ఇప్పుడు కాపాడాలని చూస్తుంటే, అనుమానానికి లోకం తలకిందులైనట్టుంది. చెబితే తనొక్కడి మొహంతో పోదు మరి, ఊరందరి క్రేట్లూ వెనక్కొస్తాయి.

పసుపు బూట్ల పిల్ల తల్లి నీళ్ళ సీసా మూత తిప్పింది. కూతురి చేతిలో కాయ మీద నీళ్ళు పోసి, బొటనవేలితో శ్రద్ధగా రుద్దుతోంది. మేడం చెప్పింది కదా, కడిగితే ఏం కాదని.

"కడగొద్దమ్మా" అన్నాడు అనుమానం. "కడిగితే పోదు. పారెయ్యి."

ఆ తల్లి చెయ్యి ఆగింది.

"మందు కొట్టి మూడు పొద్దులైనా కాలేదు. గడువు దాటాకే కోస్తాను, దాటాకే కొట్టుకి పంపిస్తాను, అందులో మోసం లేదు." ఊపిరి తీసుకున్నాడు. అక్కడితో ఆపేసినా సరిపోయేది. పిల్ల చేతిలో కాయ కింద పడింది, ప్రమాదం తప్పింది, ఇంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు. "గడువు దాటినా మేం తినం. అమ్మ చెప్పింది నిజమే."

"మీరు తినరా?" అన్నాడు బురద బక్కాయన, గొంతు సన్నగా అయిపోయి. "మరి మేం తినొచ్చా?"

"ఏళ్ళుగా తింటూనే ఉన్నారుగా."

"అది జవాబు కాదండీ!"

"కాదు" అని ఒప్పుకున్నాడు అనుమానం.

"మరి పెరట్లో పండించినట్టు చేలోనూ పండించొచ్చుగా?"

"పగిలిన కాయ, పుచ్చు కాయ కొంటారా?"

"ఎందుకు కొనమండీ! మంచిదైతే చాలు" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఆ తొందరే ఆయనకి నచ్చలేదు.

*

ముసలమ్మతో సహా అందరూ పెరట్లోకి వచ్చారు. ఇక అక్కడ చూడాలి ఆ సంబరం. తిట్టుకుంటూ వెనక్కి పోతారనుకుంటే, దొంగతనం ఒప్పుకున్నవాడి ధైర్యాన్ని మెచ్చుకున్నట్టు భుజం తట్టి మరీ వస్తున్నారు. "ఇంత నిజాయితీ ఎక్కడుందండీ ఈ రోజుల్లో" అంది ఒకావిడ. ఒకాయన వీడియో తీస్తూ "ఇంకోసారి చెప్పండి, గడువు దాటినా తినమన్నారే, ఆ మాట" అన్నాడు. అనుమానం చెయ్యి మళ్ళీ జేబు మీదకి పోయింది.

అంట్లబండ చుట్టూ కిటకిట. కోస్తున్నారు, కొరుకుతున్నారు, గడ్డాల మీద కార్చుకుంటున్నారు. "అబ్బ, చిన్నప్పటి రుచి!" అన్నాడొకాయన. ఆయన పుట్టింది కూడా అపార్టుమెంటులోనే అయ్యుండాలి. భార్య ఎవరికి ఉప్పు అందించాలో తెలియక ఉప్పు డబ్బా పట్టుకుని తిరుగుతోంది. సంచులు బయటికి వచ్చాయి.

అనుమానం గోడకానుకుని వాళ్ళ చేతులు చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి కాయ దాకా పోతుంది. కాయని తిప్పుతుంది. తొడిమ దగ్గర పగులు కనపడితే వదిలేసి పక్క కాయకి పోతుంది. కోశాక కన్నం కనపడితే, ఎవరూ చూడకుండా పాదు మొదట్లో జారవిడుస్తుంది. బక్కాయన చేసిందీ అదే. "ఎందుకు కొనమండీ" అన్నవాళ్ళు చేసిందీ అదే. మహా అయితే పసుపు బూట్ల పిల్ల ఒక్కతే చేతికందినది అందినట్టు తింటోంది, పురుగుందేమోనని తల్లి లాక్కుంటోంది.

బస్సు హారన్ కొట్టేసరికి పాదుల కింద నేలంతా వదిలేసిన కాయలు. పగిలినవి, పుచ్చినవి, వంకరవి. ఇంకో రెండు వారాలు ఇల్లు గడిచే కాయలు. "కుళ్ళిపోతాయిరా" అంటూ ముసలమ్మ వంగి ఏరడం మొదలుపెట్టింది. అనుమానం ఒక ఖాళీ క్రేటు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాడు. తనూ వంగాడు.

మేనేజరమ్మ తన కారు దగ్గర ఫోనులో మాట్లాడుతోంది. ఆయన నిండిన క్రేటు భుజాన పెట్టుకుని వెళ్ళి, ఆవిడ ఫోను పెట్టేసేదాకా ఆగాడు.

"నీకు ముందే తెలుసు కదమ్మా."

ఆవిడ కాదనలేదు. "ముక్క నోట్లో పెట్టుకోగానే తెలిసిందండీ. రోజూ మీ కాయలు సర్దించేదాన్ని, ఇది అది కాదని నాకు తెలియదా?"

"మరి ఆ మాట ఎందుకు రాశావు?"

"కాయలకి కొరత లేదండీ, నమ్మకానికే కొరత. నమ్మడానికి వాళ్ళకో మొహం కావాలి. చాలా ఊళ్ళు తిరిగాను. అందరూ కెమెరా చూడగానే నవ్వుతారు. మీరు నవ్వలేదు. నవ్వనివాళ్ళు అబద్ధం చెప్పరని జనం అనుకుంటారు." కొంచెం ఆగి, "నేనూ అలాగే అనుకున్నాను లెండి. ఇవాళ నాకే అడ్డం తిరిగింది" అంది.

"పెరడు సంగతి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పిల్లలు ఎక్కడో ఒకచోట నిజంగా తినాలి కదా, అందుకే అడిగాను. చేలోకి వెళ్ళకుండా మీరే ఏదో ఒకటి చేస్తారనుకున్నాను."

"చేశానుగా. బూట్లు వేసుకు రమ్మంది నువ్వేగా!"

అనుమానం క్రేటు కారు డిక్కీలో పెట్టాడు.

"ఇవి నా ఫొటో కింద పెట్టు. ఇవి మేం తినేవి. వారానికి ఒక క్రేటు వస్తుంది, అంతకంటే రాదు. చేలో కాయ కావాలంటే పంపిస్తాను, దాన్ని ఫొటో లేని మూల పోసుకో. కుదరదంటే ఫొటో దించెయ్యి."

మేనేజరమ్మ క్రేటులోకి చూసింది. ఒక కాయ తీసి, పగులు మీద వేలు రాసి, మళ్ళీ పెట్టేసింది.

"వీటిని ఎవరు కొంటారండీ?"

"నా అనుమానమూ అదే."

కారు వెళ్ళిపోయాక ఎదురింటి బావ వీధి దాటి వచ్చాడు. "ఊరందరి నోట్లో మట్టి కొట్టావు కదరా బావా" అన్నాడు. ఎప్పుడూ లేనిది, గొంతులో వేళాకోళం లేదు. ఆ మాట తప్పో ఒప్పో తేలడానికి ఇంకా చాలా క్రేట్లు వెళ్ళాలి, రావాలి.

*

మర్నాడే పట్నంలో పని కల్పించుకున్నాడు. కొట్లోకి వెళ్ళలేదు. ఎదురుగా సైకిళ్ళు బాగుచేసే చోట, వేలాడుతున్న టైర్ల చాటున నిలబడి అద్దాల్లోంచి చూశాడు. ఫొటో ఉంది. కింద రాత ఉంది. దాని కింద తన క్రేటు ఉంది. అయినా నమ్మకం కుదరక, అది తన క్రేటేనా అని మెడ సాచి చూశాడు. అంచు విరిగింది, తనదే. చేలో కాయల కుప్ప అవతలి గోడ దగ్గర, ఎవరి మొహమూ లేకుండా, ఎప్పట్లాగే నున్నగా మెరుస్తోంది. జనం దాని చుట్టూనే ఉన్నారు.

క్రేటు దగ్గరికి ఒకావిడ వచ్చింది. చూసింది. మొహం చిట్లించి పోయింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, ఫొటోతో ఫొటో దిగి, కాయల్ని ముట్టుకోకుండా పోయారు.

చాలాసేపటికి బట్టసంచి పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. ఒక కాయ తీసుకున్నాడు. తిప్పాడు. పగులు చూశాడు. కన్నం చూశాడు, కన్నంలోకి ఒంటి కన్ను పెట్టి మరీ చూశాడు. తలెత్తి, పైన ఉన్న మొహాన్ని కళ్ళు చికిలించి ఎగాదిగా చూశాడు. కింద రాసింది చదివాడు. మళ్ళీ కాయని చూశాడు, మళ్ళీ మొహాన్ని చూశాడు. సర్దే అమ్మాయిని పిలిచి ఏదో అడిగాడు. ఆ అమ్మాయి ఏదో చెప్పింది. ఆయన నమ్మినట్టు కనపడలేదు.

చివరికి ఒక్క కాయ, ఒక్కటే, సంచిలో వేసుకున్నాడు.

ముందు తిని చూస్తాడన్నమాట. నచ్చితే వస్తాడు, లేకపోతే రాడు. సెల్ఫీ లేదు, దణ్ణం లేదు.

టైర్ల చాటున అనుమానం ఊపిరి పీల్చుకున్నాడు. ఈ పట్నంలో ఇన్నాళ్ళకి తను నమ్మదగిన మనిషి ఒకడు కనిపించాడు.